ఇంటిమనిషికో రీలు కెమెరా

పాయింట్ అండ్ షూట్ కెమెరా తీసేవారికి రెండే పనులు మిగులుస్తుంది: ఎటు చూపాలి, ఎప్పుడు నొక్కాలి. వెలుతురు ఎంతుందో, ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో, ఫ్లాష్ వెలగాలో అక్కర్లేదో అదే తేల్చుకుంటుంది. రీలు అదే చుట్టుకుంటుంది, అయిపోగానే వెనక్కి తిప్పేస్తుంది. 35 మిల్లీమీటర్ల రీలుతో నడిచే ఈ చిన్న కెమెరాలు 1970ల చివర పుట్టాయి, 1990లలో పెళ్లిళ్లలోనూ విహారయాత్రల్లోనూ మెడలకూ మణికట్టులకూ వేలాడాయి, డిజిటల్ రాగానే అటకెక్కాయి. ఇప్పుడు వాటికి మళ్లీ గిరాకీ వచ్చింది. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో భార్యకు భర్త, భర్తకు భార్య వెతికి కొనిచ్చే వస్తువుల్లో ఇవీ చేరాయి.

తనకోసం కొనుక్కోవడం వేరు, ఇంటిమనిషికోసం ఎంచడం వేరు. కెమెరాల పిచ్చి ఇంట్లో సాధారణంగా ఒక్కరికే ఉంటుంది, కొనేదీ వారే. లెన్స్ పేరు, అపర్చరు అంకె, టైటానియం ఒళ్లు అన్నీ వారికి కంఠతా వచ్చు. అందుకే వారు ఇచ్చే కెమెరా తరచుగా వారికి కావలసిన కెమెరాయే అయి ఉంటుంది. అందుకున్నవారు ‘బాగుంది’ అంటారు, రెండు ఫొటోలు తీస్తారు, తర్వాత అది బీరువాలో పట్టుచీరల మధ్యకు చేరుతుంది. ఎంపిక సరైనదో కాదో తేల్చే పరీక్ష ఒకటే. కొనిచ్చినవారు ఇంట్లో లేనప్పుడు ఆ కెమెరా బయటికి వస్తుందా? ‘ఏమండీ, ఇది కాస్త సెట్ చేసివ్వండి’ అని ప్రతిసారీ పిలవాల్సి వస్తే, ఆ కెమెరా ఎంత గొప్పదైనా పొరపాటు ఎంపికే.

ఈ యంత్రాలు పుట్టిందే ఆ పిలుపు అవసరం లేకుండా చేయడానికి. జపాన్ సంస్థ కోనికా 1975లో ఫ్లాష్‌ను కెమెరా ఒంట్లోనే అమర్చి ఒక చిన్న కెమెరా అమ్మింది. 1977లో అదే సంస్థ తెచ్చిన సీ35 ఏఎఫ్, తనంతట తాను ఫోకస్ చేసుకునే కెమెరాల్లో పెద్ద ఎత్తున తయారై అమ్ముడైన మొదటిది. దాని లోపలి ఫోకస్ పరికరం అమెరికాలోని హనీవెల్ సంస్థది. అది రెండు చిన్న కిటికీల గుండా వచ్చే రెండు బొమ్మలను పోల్చి దూరం లెక్కగట్టేది కాబట్టి చీకట్లో తడబడేది. 1979లో కెనాన్ మరో దారి పట్టింది. కంటికి కనిపించని పరారుణ కిరణాన్ని కెమెరానే ముందుకు పంపి, అది ఎదుటివారిని తాకి తిరిగొచ్చే కోణాన్ని బట్టి దూరం తెలుసుకుంటుంది. రీలు చుట్టడానికి మోటారు కూడా అందులోనే ఉంది. జపాన్‌లో ఆటోబాయ్, అమెరికాలో ష్యూర్ షాట్ అన్న పేర్లతో అమ్మిన ఆ కెమెరాతో ఈ జాతి రూపురేఖలు స్థిరపడ్డాయి. 1983లో కొడక్ తన రీలు డబ్బాలమీద నలుపు, వెండి గళ్లు ముద్రించడం మొదలుపెట్టింది. డీఎక్స్ కోడ్ అనే ఆ గళ్లను కెమెరాలోని తీగలు తాకి రీలు వేగం ఎంతో చదువుకుంటాయి. అంతటితో వినియోగదారుడు గుర్తుపెట్టుకోవాల్సిన ఆఖరి అంకె కూడా పోయింది.

ఇంట్లో వాళ్లకోసం కెమెరా అనే ఆలోచన అంతకంటే పాతది. ఆ చరిత్రలో కొంత తమాషా ఉంది, కొంత చిన్నచూపు ఉంది. 1928లో కొడక్ వానిటీ కొడక్ అనే మడతకెమెరాను స్త్రీలకోసమని విడుదల చేసింది. ఐదు రంగులు, ఒక్కో రంగుకు ఒక్కో పక్షి పేరు, రంగుకు తగ్గ సంచి. లోపల ఉన్నది మాత్రం అప్పటికే అమ్ముతున్న నల్లటి వెస్ట్ పాకెట్ కెమెరాయే. స్త్రీకి కావలసింది రంగేనన్న ఆ ఊహ ఇంకా చావలేదు. ఇప్పటికీ కానుక వెతికే భర్త మొదట గులాబీరంగు దొరుకుతుందా అని చూస్తాడు. రంగు ముఖ్యం కాదని కాదు, నచ్చని వస్తువును ఎవరూ చేతిలోకి తీసుకోరు. కానీ ఏ రంగు నచ్చుతుందో ఆ మనిషిని చూసి తెలుసుకోవాలి గానీ ఆడమనిషి అన్న మాటను బట్టి ఊహించుకోకూడదు.

జపాన్‌లో ఒలింపస్ ఇంజనీరు యోషిహిసా మైతానీ మరో వైపు నుంచి వచ్చాడు. 1959లో ఆయన రూపొందించిన పెన్ కెమెరా ఆరు వేల యెన్లకు అమ్మాలన్న షరతుతో తయారైంది. రీలులో ఒక్కో బొమ్మకు పట్టే చోటును సగం చేసి, 36 బొమ్మల రీలు మీద 72 తీసేలా చేశాడు. రెండేళ్ల తర్వాత వచ్చిన పెన్ ఈఈలో లెన్స్ చుట్టూ వలయంలా సెలీనియం పలకలు ఉంటాయి. వెలుతురు తగిలితే వాటిలోనే విద్యుత్తు పుడుతుంది కాబట్టి సెల్లు అక్కర్లేదు. వెలుతురు చాలకపోతే వ్యూఫైండర్‌లో ఎర్రటి నాలుక పైకి లేస్తుంది, మీట పడదు. తప్పు ఫొటో తీయనివ్వకుండా కెమెరానే మొండికేయడం అప్పట్లో కొత్త. తెలియనివారికి పాఠం చెప్పే బదులు, తెలియకపోయినా నడిచే యంత్రాన్ని ఇవ్వడం మైతానీ పద్ధతి. ఇంటిమనిషికి కెమెరా ఎంచేవారు పట్టుకోవాల్సిన సూత్రం కూడా ఇదే, రంగుల లెక్క తర్వాతది.

కెమెరా ఎవరి చేతిలో ఉందన్నది ఏ ఫొటో తీయబడుతుందో కూడా నిర్ణయిస్తుంది. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. మగవాడి కెమెరా ముందుకు రాని ముఖాలు అక్కడ ఫొటోల్లోకి వచ్చాయి. దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా పేరొందిన హొమాయ్ వ్యారావాలా 1930లలో బొంబాయిలో మానెక్‌షా వ్యారావాలా దగ్గర ఈ విద్య నేర్చుకుని, తర్వాత ఆయన్నే పెళ్లాడారు. తొలినాళ్లలో ఆమె తీసిన ఫొటోలు పత్రికల్లో ఆయన పేరుతోనే అచ్చయ్యాయి. 2011లో పద్మవిభూషణ్ వచ్చేనాటికి ఆ పేరు సంగతి ఎప్పుడో సర్దుకుపోయింది గానీ, ఇంట్లో కెమెరా ఇద్దరిదైనా ఫొటో ఒక్కరి పేరునే చలామణి అవడం అంత పెద్దవారి విషయంలోనే జరిగింది. మామూలు ఇళ్ల ఆల్బమ్‌లలో ఇది ఇంకోలా కనిపిస్తుంది. నాన్న కెమెరా పట్టుకున్న ఇంట్లో పాతికేళ్ల ఫొటోల్లోనూ నాన్న అరుదు. అమ్మ ప్రతి ఫొటోలోనూ నిలబడి ఉంటుంది, కానీ ఆమె ఏం చూసిందో ఒక్క ఫొటో కూడా చెప్పదు. రెండో కెమెరా కొనడానికి ఇంతకంటే గట్టి కారణం వెతకనక్కర్లేదు.

ఎంపిక చేతితో మొదలవ్వాలి. నికాన్ 1983లో తెచ్చిన ఎల్35 ఏఎఫ్ దాదాపు 350 గ్రాములు, కాంటాక్స్ టీ2 దాదాపు 300 గ్రాములు, ఒలింపస్ మ్యూ-2 150 గ్రాముల లోపే. కాగితం మీద ఇవి చిన్న తేడాలు. తాళాలు, పర్సు, నీళ్ల సీసా, పిల్లాడి బిస్కెట్ల డబ్బాతో ముందే బరువెక్కిన హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రం పెద్దవే. చీరకు, చాలా చుడీదార్లకు జేబు ఉండదు కాబట్టి ‘జేబులో పట్టే కెమెరా’ అన్న ప్రకటన మగవాడి చొక్కాను చూసి రాసినదని గుర్తుంచుకోవాలి. బ్యాగ్‌లో పడేసినా లెన్స్‌కు తాళంచెవి గీత పడకుండా ఉండాలంటే ముందుభాగం తనంతట మూసుకునేది కావాలి. మైతానీయే 1979లో ఒలింపస్ ఎక్స్ఏతో తెచ్చిన జారుడు మూత ఇక్కడ అక్కరకొస్తుంది. మూతను పక్కకు జరిపితే కెమెరా సిద్ధం, మూస్తే నిద్ర. పోగొట్టుకోవడానికి విడి మూత లేదు, మరిచిపోవడానికి స్విచ్ లేదు. 1991లో వచ్చిన మ్యూ, 1997 నాటి మ్యూ-2 ఈ మూతను ఇంకా గుండ్రంగా మలిచాయి.

కన్ను సంగతి చాలామంది కొనేశాక గాని గుర్తించరు. కళ్లజోడు పెట్టుకునేవారికి చిన్న వ్యూఫైండర్ అంటే నరకం. అద్దం అడ్డుపడి కన్ను కిటికీకి దగ్గరగా వెళ్లదు, అంచులు కనిపించవు, తలలు తెగిన ఫొటోలు వస్తాయి. మ్యూ-2 గురించి ఎంత పొగిడినా దాని వ్యూఫైండర్ ఇరుకైనది. ఎల్35 ఏఎఫ్ కిటికీ అంతకంటే విశాలం, పైగా కెమెరా ఎంత దూరానికి ఫోకస్ చేసిందో మనిషి, గుంపు, కొండ బొమ్మల మీద ముల్లుతో చూపిస్తుంది. కానుక రహస్యంగా ఉంచాలన్న సరదాతో ఈ ఒక్క పరీక్షనూ వదిలేయడం మంచిది కాదు. స్నేహితుల దగ్గరున్న ఏదో ఒక పాత కెమెరాను మాటల మధ్య చేతికిచ్చి, ఏ కన్నుతో చూస్తారో, మీటను వెతుక్కుంటారో, వేలు ఫ్లాష్‌కు అడ్డం పడుతుందో గమనిస్తే చాలు. పొడవాటి గోళ్లున్నవారికి లోపలికి నొక్కుకుపోయిన బుల్లి బటన్లు పనికిరావు.

ఫోకస్ విషయంలో ఈ కెమెరాల్లో చాలావాటికి ఒక జబ్బుంది, దంపతుల ఫొటోల్లోనే అది ఎక్కువగా బయటపడుతుంది. కెమెరా పంపే కిరణం వ్యూఫైండర్ నడిమధ్యకు వెళ్తుంది. ఇద్దరు పక్కపక్కన నిలబడితే, కొంచెం ఎడం ఉంటే, ఆ కిరణం ఇద్దరి మధ్య ఖాళీలోంచి దూసుకుపోయి వెనక గోడను తాకి వస్తుంది. ప్రింటు చేతికొచ్చాక గోడమీద క్యాలెండరు తేదీలు స్పష్టంగా కనిపిస్తాయి, ముందున్న ఆలుమగలు మసగ్గా ఉంటారు. దీనికి మందు తేలిక. ఒకరి ముఖాన్ని మధ్యలో పెట్టి మీటను సగం నొక్కాలి, కెమెరా దూరం పట్టుకుంటుంది, అలాగే పట్టి ఉంచి ఫ్రేమును సర్దుకుని పూర్తిగా నొక్కాలి. ఈ సగం నొక్కడం నేర్చుకోవడానికి ఇష్టపడనివారుంటారు, అందులో తప్పులేదు. అలాంటివారికి ఒకటికంటే ఎక్కువ చోట్ల దూరం కొలిచే తర్వాతి తరం కెమెరా ఎంచాలి. మ్యూ-2 అలాంటిదే.

కిరణానికి రెండో శత్రువు గాజు. రైలు కిటికీ అద్దం వెనక నుంచి గోదావరిని తీయబోతే కిరణం అద్దానికే తగిలి తిరిగొచ్చే ప్రమాదం ఉంది, వంతెన ఇనుప కమ్మీలు సరేసరి. ఇందుకే మంచి కెమెరాల్లో కొండ గుర్తున్న బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే కొలతతో పనిలేకుండా దూరానికి ఫోకస్ నిలుస్తుంది. ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి ఈ బటన్ ఉందా లేదా అన్నది లెన్స్ పేరుకంటే ముఖ్యం.

ఫ్లాష్ మీద ఇద్దరికీ రెండు అభిప్రాయాలుండటం మామూలే. కొందరికి ఆ తెల్లటి చరుపు వెలుగే పాత ఫొటోల అందం. కొందరికి అది ముఖాలను సున్నం పూసినట్టు చేస్తుంది. ఈ రెండో రకంవారికి మ్యూ-2 చిరాకు తెప్పిస్తుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఫ్లాష్ మళ్లీ ఆటోకు వెళ్లిపోతుంది, ఎంత వద్దన్నా వినదు. ఎల్35 ఏఎఫ్‌లో ఫ్లాష్ వెలుతురు తగ్గగానే తనంతట పైకి లేస్తుంది గానీ వేలితో అదిమిపెడితే ఊరుకుంటుంది. నాటు పద్ధతే, కానీ చేతికి తొందరగా అలవాటవుతుంది. ఎర్రకళ్ల సంగతికి వస్తే, ఫ్లాష్ లెన్స్‌కు మరీ దగ్గరగా ఉండటమే దానికి కారణం. వెలుగు నేరుగా కనుపాపలోంచి వెళ్లి రెటీనా నెత్తుటి రంగును మోసుకొస్తుంది. ముందుగా ఒకసారి మినుకుమని కనుపాపను చిన్నదిగా చేసే ఏర్పాటు చాలా కెమెరాల్లో ఉంది. అయితే ఆ మొదటి మెరుపు చూసి ఫొటో అయిపోయిందనుకుని నవ్వు ఆపేసేవాళ్లు ఇంటికొకరుంటారు.

జూమ్ లెన్స్ కొనేవారిని ఆకర్షిస్తుంది, వాడేవారిని నిరాశపరుస్తుంది. 38 నుంచి 140 మిల్లీమీటర్లంటూ ముందుకు సాగే చిన్న కెమెరాలు పూర్తిగా సాగినప్పుడు లెన్స్ కన్ను ఎఫ్/11 దరిదాపుల్లోకి ముడుచుకుపోతుంది. ఎఫ్/2.8 ఉన్న స్థిర లెన్స్‌తో పోలిస్తే అందులోకి వెళ్లే వెలుతురు సుమారు పదహారో వంతు. గదిలో తీస్తే ఫ్లాష్ తప్పదు, ఫ్లాష్ అందని దూరంలో చెయ్యి వణుకు తప్పదు. వేదిక మీద పాప డాన్సును వెనక వరుసలోంచి జూమ్ చేసి తీసిన ఫొటోల్లో పాప ఎక్కడుందో పాపకే చూపించాల్సి వచ్చేది. 35 మిల్లీమీటర్ల స్థిర లెన్స్ భోజనాల బల్ల చుట్టూ కూర్చున్న కుటుంబాన్ని మొత్తం పట్టిస్తుంది, ముఖం కావాలంటే నాలుగడుగులు ముందుకు వెయ్యమంటుంది. మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదవుతుంది, అంతే. జూమ్ కెమెరాలు ఇప్పుడు చవకగా దొరకడం ఒక్కటే వాటి పక్షాన చెప్పదగ్గ మాట. పగటిపూట ప్రయాణాలకే అయితే అవీ పనికొస్తాయి.

పేరున్న కెమెరాల్లో కాంటాక్స్ టీ2 మీద మోజు అన్నిటికంటే ఎక్కువ. 1990లో వచ్చింది, టైటానియం ఒళ్లు, జైస్ సోనార్ 38 మిల్లీమీటర్ల లెన్స్. 2017లో మోడల్ కెండల్ జెన్నర్ ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో దాన్ని చేత పట్టుకుని కనిపించాక సెకండ్ హ్యాండ్ ధర ఆకాశానికెక్కింది. చక్కటి కెమెరా, సందేహం లేదు. కానుకగా మాత్రం దాన్ని సిఫారసు చేయడం కష్టం. దాన్ని తయారుచేసిన క్యోసెరా సంస్థ 2005లో కెమెరాల వ్యాపారమే మానుకుంది. లోపలి ఎలక్ట్రానిక్ పలక పాడైతే విడిభాగాలు దొరకవు. అంత ఖరీదైన, బాగుచేయించలేని వస్తువును చేతిలో పెడితే అందుకున్నవారు దాన్ని వాడరు, కాపలా కాస్తారు. అదే సంస్థ యాషికా పేరుతో అమ్మిన టీ4 ప్లాస్టిక్ ఒళ్లుదే అయినా జైస్ టెస్సార్ లెన్స్‌తో నిక్కచ్చిగా పనిచేస్తుంది. దాని తర్వాత వచ్చిన టీ4 సూపర్‌లో నడుము ఎత్తునుంచి కిందికి తొంగిచూసే రెండో కిటికీ ఉంది, పిల్లల ఎత్తులో ఫొటో తీసే తల్లికి అది నిజంగా పనికొచ్చే సదుపాయం. దాని ధరా ఇప్పుడు తక్కువేం కాదు. పేరులేని స్థిర లెన్స్ కెమెరా ఒకటి కొని, మిగిలిన డబ్బుకు రీళ్లు కొనివ్వడం అన్నిటికంటే తెలివైన పని.

కొత్తది కావాలనుకునేవారికి దారులు కొద్దే. రికో సంస్థ 2024లో పెంటాక్స్ 17 తెచ్చింది. మైతానీ పెన్ లాగే సగం ఫ్రేము, 36 రీలుకు 72 బొమ్మలు. మామూలుగా పట్టుకుంటే ఫొటో నిలువుగా వస్తుంది, ఫోన్‌కు అలవాటుపడిన కంటికి ఇది సులువు. అయితే ఇందులో ఫోకస్‌కు బొమ్మగుర్తులున్న వలయాన్ని తిప్పుకోవాలి, రీలును బొటనవేలితో లాగాలి. తిప్పడం, లాగడం ఇష్టపడేవారికి ఆ రెండూ సరదా, నొక్కితే చాలనుకునేవారికి అడ్డంకులు. 72 బొమ్మల సంగతి కూడా ఆలోచించాలి. వారానికి నాలుగు ఫొటోలు తీసే మనిషి చేతిలో ఆ రీలు నెలల తరబడి కెమెరాలోనే ఉంటుంది, దసరాకు తీసింది ఉగాదికి చూడాల్సి వస్తుంది. కొడక్ పేరు లైసెన్సుకు తీసుకుని వేరే సంస్థ అమ్మే ఎక్టార్ హెచ్35 చవకైన ప్లాస్టిక్ కెమెరా. ఎండలో బాగానే తీస్తుంది, ఇంట్లో ఫ్లాష్ లేనిదే కదలదు. రీలు మీద మోజు నిలుస్తుందో లేదో తెలియని ఇంటికి అది మంచి తొలిమెట్టు.

అందానికి పడిపోయి కొనకూడనివి కొన్ని ఉన్నాయి. 1996లో వచ్చిన ఏపీఎస్ అనే రకం రీలుతో నడిచే బుల్లి లోహపు కెమెరాలు, ముఖ్యంగా కెనాన్ ఇక్సస్, చూడముచ్చటగా ఉంటాయి, చవకగా దొరుకుతాయి. ఆ రీలు తయారీ 2011లోనే ఆగిపోయింది. కొడక్, ఫ్యూజీ అమ్మిన పాత పెట్టెలు మిగిలి ఉన్నా గడువు ఎప్పుడో దాటింది. కొనేముందు వెనక తలుపు తెరిచి, మామూలు 35 మిల్లీమీటర్ల రీలు డబ్బా పట్టే చోటుందో లేదో చూడాలి.

సెకండ్ హ్యాండ్ కెమెరాను పరీక్షించడానికి కొత్త సెల్లు, ఒక పాత పాడైన రీలు వెంట తీసుకెళ్లాలి. సెల్లు పెట్టే గదిలో పచ్చటి తుప్పు ఉంటే అక్కడికక్కడే వెనక్కి ఇచ్చేయడం మేలు. వెనక తలుపు అంచున వెలుతురు చొరబడకుండా అతికించిన నురుగు పట్టీ చాలా కెమెరాల్లో ఈపాటికి జిగురై చేతికంటుకుంటుంది. దాన్ని మార్చడం కష్టం కాదు, మార్చకపోతే ప్రతి ఫొటో మీదా నారింజ రంగు చార పడుతుంది. లెన్స్‌ను టార్చి వెలుగులో చూస్తే సాలెగూడులాంటి బూజు కనిపించవచ్చు. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరపు గాలిలో తోలు సంచిలో ఏళ్ల తరబడి పడి ఉన్న కెమెరాలకు ఇది తప్పని రోగం. పాడైన రీలు వేసి మీట నొక్కుతూ పోతే చుట్టే మోటారు, ఫ్లాష్ నిండే వేగం, చివర్లో వెనక్కి తిప్పడం అన్నీ తెలిసిపోతాయి. తేదీ ముద్రించే రకంలో సంవత్సరాల జాబితా కొన్నిటికి 2019తోనే ముగిసిపోతుంది. ఇక ఆ బటన్‌ను ఆపేయడమో, పెళ్లయిన ఏడాదిని పెట్టుకుని నవ్వుకోవడమో చేయాలి.

సెల్లు చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కెమెరా మూలపడటానికి అదే తరచు కారణం. మ్యూ-2కు సీఆర్123ఏ అనే మూడు వోల్టుల లిథియం సెల్లు కావాలి. పెద్ద ఊళ్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వీధి చివర కొట్లో దొరకదు. ఎల్35 ఏఎఫ్ గోడగడియారంలో వేసే పెన్సిల్ సెల్లు రెండింటితో నడుస్తుంది. ఎవరినీ అడగకుండా మార్చుకోగలిగే సెల్లు అనేది కానుక విషయంలో పెద్ద అర్హత.

రీలు ఎంపికలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. మన ఇళ్లలో గదుల వెలుతురుకు 400 ఐఎస్ఓ కలర్ నెగెటివ్ సరిపోతుంది. 100తో పోలిస్తే ఫ్లాష్ రెండింతల దూరం అందుకుంటుంది, చెయ్యి వణుకూ తగ్గుతుంది. కలర్ నెగెటివ్ వెలుతురు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే ఓర్చుకోదు. నలుపు తెలుపు ఇష్టపడేవారికి ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ ఒక వెసులుబాటు. దాన్ని మామూలు కలర్ రీళ్లు కడిగే సీ-41 పద్ధతిలోనే కడగవచ్చు. డబ్బా మీద డీఎక్స్ గళ్లు లేని చేతిచుట్టు రీళ్లను చాలా కెమెరాలు 100 అనుకుంటాయి, కాబట్టి వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది. రీలు, కడగడం, స్కాన్ అన్నీ కలిపితే ఒక్కో బొమ్మ ఖర్చు పదుల రూపాయల్లోకి వెళ్తుంది. ఈ ఖర్చును కానుకలో భాగంగానే లెక్కవేసి, రీళ్లూ కడిగే ఖర్చూ ముందే అమర్చిపెట్టాలి. లేకపోతే నొక్కే ప్రతిసారీ ఆ లెక్క గుర్తొచ్చి చెయ్యి వెనకాడుతుంది.

రీలును ఎండాకాలం కారులో వదిలేస్తే రంగులు మారతాయి. ఫ్రిజ్‌లో పెట్టినదాన్ని బయటికి తీసి గది వేడికి వచ్చాకే డబ్బా తెరవాలి, లేదంటే తేమ పట్టుకుంటుంది. విమానాశ్రయాల్లో కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు కడగని రీళ్లను చెడగొడతాయని కొడక్ హెచ్చరిస్తోంది, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. బ్యాగ్ అడుగున మూటకట్టి చెకిన్ లగేజీలో వేయడం ఇంకా చెడ్డది, అక్కడి కిరణాలు మరింత తీవ్రం.

కెమెరా చేతికిచ్చాక కొనిచ్చినవారు చేయాల్సిన పని చాలా కొంచెం. పాడైన రీలుతో ఒకసారి రీలు ఎక్కించడం చూపించి, తర్వాతిది వారి చేతే ఎక్కించాలి. కొన్ని ఫ్యూజీ కెమెరాలు రీలును ముందే మొత్తం బయటికి లాగి, ఫొటో తీసిన కొద్దీ డబ్బాలోకి వెనక్కి లాక్కుంటాయి. పొరపాటున తలుపు తెరిచినా తీసిన ఫొటోలు డబ్బాలో భద్రంగా ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో ఇది వరం. ఆ తర్వాత ‘అలా కాదు, ఇలా’ అన్న మాట నోటినుంచి రాకుండా చూసుకోవడమే కష్టమైన భాగం. మొదటి రీలులో వేలు అడ్డుపడ్డవి, తలలు తెగినవి, ఖాళీ గోడలు ఉంటాయి. వాటిని తీసినవారు ముందుగా చూడాలి, ఏవి ప్రింటు వేయించాలో వారే ఎంచాలి.

చిన్న ఊళ్లలో కడిగే ల్యాబులు చాలావరకు మూతపడ్డాయి. రీళ్లను పెద్ద నగరాల్లోని ల్యాబులకు కొరియర్ చేయడం ఇప్పుడు మామూలు పద్ధతి. స్కాన్లు ఫోన్‌కు వచ్చేస్తాయి కాబట్టి చాలామంది నెగెటివ్‌ల సంగతి మరిచిపోతారు, కొన్ని ల్యాబులు అడగకపోతే వాటిని పారేస్తాయి. పంపేటప్పుడే నెగెటివ్‌లు తిరిగి కావాలని చీటీ మీద రాయాలి. వచ్చిన పట్టీలను ఆరేసి బొమ్మల చొప్పున ప్లాస్టిక్ తొడుగుల్లో దూర్చి, తొడుగు మీద నెల, ఊరు, తీసినవారి పేరు రాసి, సిలికా జెల్ పొట్లంతో మూతగట్టి డబ్బాలో ఉంచితే పాతికేళ్ల తర్వాత కూడా వాటినుంచి కొత్త ప్రింట్లు వేయించుకోవచ్చు.